ఒకప్పుడు గదులు తుడిచేదాన్ని

ఆసిమీనా ఇంగ్లీషు ట్యూషన్ బడి గ్రీసు దేశంలోని కర్దిత్స ఊరి బజారులో, వాయియా నడిపే బ్యూటీ పార్లర్ పై అంతస్తులో ఉండేది. రెండు గదులు, వీధి వైపు ఒక బాల్కనీ. కింద డ్రయ్యర్ల మోత పైకి వినిపిస్తూనే ఉండేది. ఆ మోత మీదుగా గొంతు పెంచి మాట్లాడడం అలవాటైపోయి, ఆసిమీనా దగ్గర చదివిన పిల్లలు పరీక్ష గదిలో కూడా అరిచినట్టే మాట్లాడతారని ఊళ్ళో ఒక ఎగతాళి. అరిచినా పాసయ్యేవారు. అందుకే చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా తల్లులు పిల్లల్ని సైకిళ్ళ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవారు.

ఆమె పాఠం చెప్పే పద్ధతే వేరు. వ్యాకరణం వరకు పుస్తకంలోంచి చెప్పేది. అభ్యాసం దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేసేది.

"టామ్ బంతి ఆడుతున్నాడు, మేరీ పాలు తాగుతోంది. ఎవరర్రా వీళ్ళంతా? మీ చుట్టాలా? మీ ఇంట్లో నిజంగా జరిగింది ఒకటి చెప్పండి. నిజమైతేనే నోటికి పట్టుకుంటుంది" అనేది.

దాంతో వర్తమాన కాలంలో "మా అమ్మ మా నాన్న మీద అరుస్తోంది" వచ్చేది. భూతకాలంలో "మా తాత వంటింట్లో జారిపడ్డాడు, మేం నవ్వాం" వచ్చేది. "ఇంకా", "ఇంతవరకు" అనే మాటలు నేర్చుకునే రోజున "మా పిన్ని ఇంకా పెళ్ళి చేసుకోలేదు, ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు" అని ఎవరో ఒకరు చెప్పేవారు. సగం ఊరి ఇళ్ళలో ఏం ఉడుకుతోందో ఆసిమీనాకు తెలుసు. వాయియా ఎంత కూపీ లాగినా ఒక్క ముక్క కూడా మెట్లు దిగి కిందికి రాలేదు.

అర్గీరిస్‌ను అతని తల్లి తీసుకొచ్చినప్పుడు వాడికి పదేళ్ళు. తండ్రి పత్తి ఏరే యంత్రం నడిపేవాడు. తల్లి తలుపు దగ్గరే నిలబడి, పిల్లవాడికి వినిపించేలాగే చెప్పింది.

"వీడికి గ్రీకే నోరు తిరగదు టీచరమ్మా. ఇంక ఇంగ్లీషు ఏం వస్తుంది చెప్పండి? అందరి పిల్లలూ వస్తున్నారు, వీడొక్కడే రాకపోతే బాగుండదని తెచ్చాను."

"నీ పేరేంటి బాబూ?" అంది ఆసిమీనా.

"అ... అ... అర్..."

"అర్గీరిస్" అంది తల్లి.

"నేను వాణ్ణి అడిగాను" అంది ఆసిమీనా. తరువాత వేచి ఉంది. కింద ఒక డ్రయ్యర్ ఆగింది, మరొకటి మొదలైంది. చివరికి వాడే తన పేరు పూర్తి చేశాడు. చెమటతో మెడ తడిసిపోయింది. ఆ రోజు నుంచి తన బడిలో అతని మాటను ఎవరూ అందుకోకూడదని ఆమె నియమం పెట్టింది. ఎంతసేపైనా సరే, అందరూ ఆగాల్సిందే. మొదట్లో పిల్లలు బల్ల కింద ఒకరినొకరు తన్నుకుని నవ్వేవారు. కొన్నాళ్ళకి అలవాటు పడ్డారు.

వాడికి క్రియాపదాల వరుసలు ఇష్టం. గో, వెంట్, గాన్. సీ, సా, సీన్. పాటలా ఆగకుండా చెప్పేవాడు. ఆ వరుసల్లోంచి మెల్లగా వాక్యాల్లోకి వచ్చాడు. ఒక చలికాలపు సాయంత్రం, తమ కుక్క కాలువలో పడితే తండ్రి ఎలా దిగి తీశాడో ఇంగ్లీషులో మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు. ఎక్కడా నత్తి తగల్లేదు. చెప్పడం అయ్యాక వాడే బిత్తరపోయి చుట్టూ చూశాడు. ఆ భాషలో తనని వెక్కిరించినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టేమో. ఆసిమీనా పొగడలేదు. "పడింది అన్నావు, పడిపోయింది అనాలి. మళ్ళీ చెప్పు" అంది. మొహం తిప్పుకుని బోర్డు తుడవడానికి చాలాసేపు పట్టింది ఆమెకు.

పై తరగతికి వచ్చేసరికి ఆ ఏడు అర్గీరిస్ ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళు లోయర్ అనే కింది మెట్టు ఇంగ్లీషు పరీక్ష పాసై చాలనుకున్నారు. ఒక్కడి కోసం ఆమె వారానికి మూడు సాయంత్రాలు కూర్చునేది. పాఠం కబుర్లలాగా, కబుర్లు పాఠంలాగా సాగేవి. ఒకనాడు "యూజ్డ్ టు" వచ్చింది. ఒకప్పుడు చేసి ఇప్పుడు చెయ్యని పనులు చెప్పాలి.

"ఇంటికి చుట్టాలొస్తే నేను ఒకప్పుడు కోళ్ళగూట్లో దాక్కునేవాణ్ణి" అన్నాడు అర్గీరిస్. అప్పటికి పదహారేళ్ళవాడు. "నా పేరు అడుగుతారని. మా అమ్మ వెతికేది కూడా కాదు. నేను లేకపోతేనే ఆమెకి నయం." తరువాత ఇంకేదో అనబోయి ఆ మాట మింగి, "మీరు చెప్పండి టీచర్" అన్నాడు.

నిజమే చెప్పాలన్నది ఆమె పెట్టిన నియమమే.

"నేను ఒకప్పుడు హోటల్లో గదులు తుడిచేదాన్ని" అంది ఆసిమీనా.

ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఒక ఊరు. నాలుగేళ్ళు దుప్పట్లు మార్చింది, స్నానాల గదులు కడిగింది. పని చేయించే ముసలావిడ దగ్గరా, గదుల్లో దిగేవాళ్ళ దగ్గరా భాష పట్టుకుంది. సెలవు రోజుల్లో ఊరి గ్రంథాలయంలో కూర్చుని తానే చదువుకుని, అన్నిటికంటే పెద్ద పరీక్ష రాసి నెగ్గింది. పాఠం చెప్పడానికి ఆ కాగితం చాలు. కానీ ఆమె తండ్రి ఇక్కడి కాఫీ దుకాణంలో "మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోంది" అని చెప్పుకుంటూ వచ్చాడు. ఆయనకు పక్షవాతం వచ్చి ఆమె తిరిగొచ్చేసరికి ఊరంతా ఆమెను చదువుకొచ్చిన పిల్లగానే పలకరించింది. మంచంలో ఉన్న మనిషిని అబద్ధాలకోరును చెయ్యలేకపోయింది. పోయాక అసలే చెయ్యలేకపోయింది. బడి పెట్టినప్పుడు వీధి బోర్డు రాసినవాడు ఆమె పేరు కింద "ఇంగ్లండులో విద్యాభ్యాసం" అని తనంతట తానే రాసి, "బాగుందా టీచరమ్మా?" అని అడిగితే, బాగుందంది.

ఇదంతా ఆమె ఆ సాయంత్రం ఇంగ్లీషులో చెప్పింది. గ్రీకులో అయితే నోరు పెగిలేది కాదు.

"నేను ఎవరికీ చెప్పను" అన్నాడు అర్గీరిస్ ఇంగ్లీషులోనే. వాక్యం తప్పుల్లేకుండా ఉంది. ఆమె దిద్దడానికి ఏమీ లేకపోయింది.

తరువాత అతను థెస్సలొనీకి వెళ్ళి ఇంగ్లీషు డిగ్రీ చదివాడు, అక్కడి మగపిల్లలందరికీ తప్పని సైనిక సేవ పూర్తి చేశాడు, తిరిగి వచ్చాడు. ఆసిమీనా పెద్ద తరగతులన్నీ అతనికిచ్చేసి తాను చిన్నపిల్లలతో సరిపెట్టుకుంది. పిల్లలు అతని దగ్గర నోరెత్తితే ఇంగ్లీషే. గ్రీకులో అతను ఎక్కువ మాట్లాడేవాడు కాదు, తల్లుల్ని ఆసిమీనా దగ్గరికి పంపేసేవాడు. ఆమెకు పిల్లల్లేరు, పెళ్ళి లేదు. మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. మరో రెండు మూడేళ్ళలో తాళాలు అతని చేతిలో పెట్టేసి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చోవాలనుకుంది. ఆ మాట అతనికీ చెప్పింది. "చూద్దాం లెండి టీచర్, తొందరేముంది" అన్నాడు.

ఆ ఏడు ఆగస్టులో, థెస్సలొనీకిలో ఏదో శిక్షణ ఉందని చెప్పి అతను రెండు వారాలు కనిపించలేదు. సెప్టెంబరు మొదట్లో, పిల్లల పేర్లు నమోదు చేసుకునే వారం మొదలైన రోజున, వాయియా పైకి వచ్చింది. చేతికి రంగు అంటిన తొడుగు అలాగే ఉంది. కింద ఎవరి తలో సగంలో వదిలేసి వచ్చినట్టుంది.

"కూర్చో ఆసిమీనా" అంది.

"నా బళ్ళో నన్ను కూర్చోమంటావేంటి? ఏమైంది?"

"నీ వాడు కోర్టు పక్క వీధిలో హాలు అద్దెకు తీసుకున్నాడు. అద్దాల తలుపులు. ఇంత బోర్డు. నిన్న సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి మీటింగ్ పెట్టాడు. మా చెల్లెలు రమ్మంటే దాని కొడుకు కోసం నేనూ వెళ్ళాను. అక్కడికెళ్ళేదాకా ఎవరిదో నాకు తెలీదు, ఒట్టు."

ఆసిమీనా కూర్చుంది.

"వేరే బడి పెట్టుకుంటే పెట్టుకోనీ. వయసులో ఉన్నాడు. నాతో ఒక్క మాట అంటే సరిపోయేది" అంది.

"అది కాదే." వాయియా తొడుగు లాగేసి చేతిలో నలిపింది. "ఎవరో అడిగారు, అక్కడంత బాగుంటే ఎందుకు వదిలేశావయ్యా అని. దానికి వాడు... నిజమో అబద్ధమో నాకనవసరం. నువ్వు అక్కడ చదవలేదంట. హోటల్లో కక్కసులు కడిగేదానివంట. 'ఆవిడ మనిషి మంచిది, కానీ ఆవిడకొచ్చింది పనిమనుషుల ఇంగ్లీషు, మీ పిల్లలకి కావాల్సింది అది కాదు' అన్నాడు."

కింద నుంచి ఎవరో "వాయియా, నెత్తి మండుతోంది!" అని అరిచారు. ఆమె కదల్లేదు.

"ఎలా చెప్పాడు?" అని అడిగింది ఆసిమీనా.

"ఎలా అంటే?"

"గ్రీకులోనేనా?"

"మరి మాకు ఇంగ్లీషొచ్చా? గ్రీకులోనే. అదే నాకు ఆశ్చర్యం. ఒక్కచోట కూడా నత్తి రాలేదే. గడగడా చెప్పేశాడు."

ఆ మాటకు ఆసిమీనా గుండె మొదట ఉప్పొంగింది. అంతమంది ముందు, తన భాషలో, తడబడకుండా! ఆ సంతోషం ఒక్క క్షణమే ఉంది. ఆ మాటలు ఏమిటో మళ్ళీ గుర్తొచ్చింది. తనలోని ఆ సంతోషం మీదే ఆమెకు అసహ్యం పుట్టింది. ఎన్నో ఏళ్ళు పక్కన కూర్చుని, ఓపిగ్గా ఆగి ఆగి, వాడి నోటికి దారి చేసింది. ఆ దారి వెంట మొదట బయటికొచ్చింది ఇది.

ఆ వారం మెట్లెక్కినవాళ్ళు తక్కువ. ఎక్కేవాళ్ళు కూడా పేరు రాయించడానికి రాలేదు, చూసిపోవడానికి వచ్చారు. మందుల షాపు నడిపే ఆవిడ మాత్రం సూటిగా అడిగింది. ఆమె ఇద్దరు కూతుళ్ళూ ఇక్కడే చదివారు, మూడోది చదవాలి.

"అంటున్నది నిజమేనా టీచర్?"

"నిజమే. నాలుగేళ్ళు పనిచేశాను. చదువు నా అంతట నేనే చదువుకున్నాను. పరీక్ష నెగ్గిన మాట అబద్ధం కాదు."

"మీరు గదులు తుడిస్తే మాకేంటండీ? మా అమ్మ జర్మనీలో చేపల ఫ్యాక్టరీలో చేసింది." ఆమె చేతిసంచి మూసింది, తెరిచింది. "కానీ ఇన్నేళ్ళు రోజూ ఆ బోర్డు కిందనుంచే కదా మా పిల్లల్ని పైకి పంపాం. మాకు మీరు చెప్పాల్సింది. ఎవడో కుర్రాడు చెబితే తెలియడం బాగాలేదు."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే ఆసిమీనాకు మరీ కష్టంగా ఉంది. తిట్టిపోతే తిరిగి తిట్టవచ్చు.

మర్నాడు పొద్దున్నే ఆమె సైకిలు తీసింది. పత్తి బళ్ళు అప్పటికే తిరుగుతున్నాయి, రోడ్డు వార తెల్లటి పీచు పేరుకుని ఉంది. కోర్టు పక్క వీధిలో కొత్త అద్దాల మీద కాగితాలు ఇంకా ఊడదీయలేదు. లోపల అర్గీరిస్ ఒక్కడే బల్లలు సర్దుతున్నాడు. ఆమెను చూసి నిలబడిపోయాడు. తరువాత ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. రావాలనుకుంటున్నాననీ, ఎలా చెప్పాలో తెలియలేదనీ, చక్కటి వాక్యాల్లో.

"గ్రీకులో చెప్పు" అంది ఆసిమీనా.

అతను ఆగాడు.

"తల్లులందరికీ గ్రీకులోనే చెప్పావటగా. నాకూ అలాగే చెప్పు, వింటాను."

"నేను... నేను అ... అబ... అబ..."

అతని మెడ మీద నరం లేచింది. కళ్ళు మూసుకున్నాడు. ఆమెకు ఆ నరం పదేళ్ళప్పటి నుంచీ తెలుసు. ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు.

"అబద్ధం చెప్పలేదు. అదేగా?" అంది.

అర్గీరిస్ కళ్ళు తెరిచాడు. చెంప మీద కొడితే చూసినట్టు చూశాడు. ఆమె ఏం చేసిందో ఆమెకు తెలిసింది, అతనికీ తెలిసింది. తరువాత అతను బల్ల అంచు పట్టుకుని, ముక్కలు ముక్కలుగా, చాలాసేపు తీసుకుని చెప్పాడు. ఈసారి ఆమె అడ్డు రాలేదు.

"వాళ్ళు అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. అది నోట్లోంచి వచ్చేసింది. వస్తుంటే ఎంత తేలిగ్గా వచ్చిందో మీకు తెలీదు. ఆపుకోలేకపోయాను." ఊపిరి తీసుకున్నాడు. "మీ దగ్గర ఉంటే నేను ఎప్పటికీ ఆ కోళ్ళగూట్లో పిల్లాణ్ణే టీచర్. నన్ను చూసినప్పుడల్లా మీకు వాడే కనిపిస్తాడు. ఊళ్ళో నా సంగతంతా తెలిసిన మనిషి మీరొక్కరే."

"తెలుసు. ఎవరికైనా చెప్పానా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మీ అమ్మకైనా చెప్పానా? నిన్ను వెతికేది కాదని నువ్వన్న మాట? ఇన్నేళ్ళుగా ఆవిడ ఈస్టరు కేకు తెచ్చిస్తూనే ఉంది, నేను తీసుకుంటూనే ఉన్నాను. నోరు మెదిపానా?"

"లేదు."

"నేనూ మెట్ల మీద నిలబడి చెప్పుండాల్సింది. అప్పుడు సమానమయ్యేవాళ్ళం" అంది ఆసిమీనా. అనేసి, తాను అలా ఎప్పటికీ చెయ్యలేనని తెలిసి, మరింత మండిపడింది. "పిల్లలకి టామూ మేరీల గురించే చెప్పు ఇక్కడ. వాళ్ళ ఇళ్ళ సంగతులు అడక్కు. నీ చేతిలో పెట్టదగ్గవి కావు అవి."

బయటికొచ్చి సైకిలెక్కలేదు. నడిపించుకుంటూ వచ్చింది.

అక్టోబరు కల్లా అతని బడి నిండింది. తన పెద్ద తరగతి మొత్తం అతని వెంట పోయింది. ఆగస్టులోనే ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చేశాడని తరువాత తెలిసింది. ఆసిమీనాకు మిగిలింది ముగ్గురు చిన్నపిల్లలు. అందులో ఒకరు వాయియా చెల్లెలి కొడుకు. వీధి బోర్డు మీద ఇంగ్లండు చదువు గురించిన రెండో వరుసకు తెల్లరంగు వేయించింది. ఎండ పడినప్పుడు పాత అక్షరాలు ఆ రంగు కిందనుంచి కనిపించేవి. మార్కెట్లో జనం ఆమెను పలకరించడం మానలేదు. కాకపోతే పలకరించే ముందు క్షణకాలం ఆగేవారు.

చలి ముదిరాక ఒక రోజు ముగ్గురు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చారు. కొండ పల్లెల వాళ్ళు, బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నారు. ముందు నిలబడ్డావిడ పేరు లంబ్రినీ. నలభై ఏళ్ళుంటాయి, గొంతు పెద్దది.

"మీరేనా హోటల్లో గదులు తుడిచిన టీచరమ్మ?" అంది.

ఆసిమీనా మొహం బిగుసుకుంది. "నేనే. ఏం కావాలి?"

"మేం వేసవికి దీవుల్లో హోటళ్ళకి పనికి పోతున్నామక్కా. ఇంగ్లీషు రాకపోతే వంటింటి వెనక పడేస్తారు, వస్తే గదులిస్తారు. కోర్టు దగ్గర కొత్త బడికెళ్ళి అడిగాం. పరీక్షల ఇంగ్లీషే ఉంది, మీక్కావాల్సింది లేదన్నారు. ఊళ్ళో ఎవరో మీ పేరు చెప్పారు. మాకా పనిమనుషుల ఇంగ్లీషే కావాలి."

ఆ మాట ఎక్కడ పుట్టిందో లంబ్రినీకి తెలియదు. ఆమె మొహంలో ఎగతాళి లేదు.

అలా మంగళవారాల తరగతి మొదలైంది. దిండు గలీబు, దుప్పటి, తువ్వాలు, మరక. తలుపు తట్టి ఏమనాలి, లోపలివాళ్ళు బట్టల్లేకుండా ఉంటే ఏమని వెనక్కి రావాలి, పోయిన ఉంగరం నువ్వే తీశావంటే ఎలా జవాబు చెప్పాలి. "తీయలేదు" అనడానికీ "చూడనే లేదు" అనడానికీ తేడా బోర్డు మీద రాసి వివరించింది. ఆడవాళ్ళు పగలబడి నవ్వుతూ నేర్చుకున్నారు. ఇన్నేళ్ళలో ఆమె తరగతి ఎప్పుడూ ఇంత గోలగా లేదు. కిందినుంచి వాయియా చీపురు కర్రతో పైకప్పు మీద కొట్టేది.

మార్చిలో ప్రశ్నలు వెయ్యడం నేర్పింది. ఒకరు అడగాలి, మరొకరు చెప్పాలి.

"నిజమే చెప్పాలా?" అంది లంబ్రినీ.

"అక్కర్లేదు. నోటికొచ్చింది చెప్పండి. వాక్యం సరిగ్గా ఉంటే చాలు."

లంబ్రినీ ముందుకు వంగి, పదం పదం కూడబలుక్కుని, ఇంగ్లీషులో అడిగింది. "మీకు పిల్లలున్నారా?"

ఆసిమీనా సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"ఉన్నారు. ఇద్దరు" అంది, ఆమె కూడా ఇంగ్లీషులోనే. "లారిసాలో ఉంటారు."

"ఏం చేస్తారు?"

"అబ్బాయి బస్సులు బాగుచేస్తాడు. అమ్మాయికి నిరుడు పెళ్ళయింది."

"మీరు వాళ్ళని తరచుగా చూస్తారా?"

"ఆదివారాలు వస్తారు" అంది ఆసిమీనా. ఎక్కడా ఆగాల్సిన అవసరం రాలేదు. వెనక కూర్చున్న ఇద్దరూ ఆ జవాబుల్ని తమలో తాము గొణుక్కుంటూ వల్లెవేస్తున్నారు. లంబ్రినీ సంతోషంగా గ్రీకులోకి దిగిపోయి, "అదృష్టవంతులు టీచరమ్మా, మా వాడైతే ఫోన్ కూడా ఎత్తడు" అంది.

"ఇంగ్లీషులో చెప్పు" అంది ఆసిమీనా.